విల్లు మార్చడం తర్వాత, ముందు ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. ఏడేళ్లుగా ఆర్చరీ చేస్తున్నాను. నాది 50 పౌండ్ల బరువుతో లాగే కాంపౌండ్ బో (కొసల్లో చక్రాలున్న విల్లు). వారానికి మూడు రోజులు, రోజుకు 60 బాణాల దాకా వేస్తాను. ఎనిమిది నెలలుగా కుడి భుజం నొప్పి. తీగ లాగేటప్పుడు సగంలో కలుక్కుమంటోంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నాను. మెడికల్ షాపులో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర ఇచ్చారు. రోజుకు రెండు వేసుకుంటే ప్రాక్టీస్ నడుస్తోంది. షుగర్ తొమ్మిదేళ్లుగా ఉంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడతాను. అమెరికాలో ఉన్న మా బావమరిది క్రాస్‌బోకు (ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లు) మారమంటున్నాడు. అక్కడ భుజాలు పాడైనవాళ్లు అదే వాడతారట. ఎన్ని పౌండ్లది తీసుకోవాలి? హ్యాండిల్ తిప్పి తీగ లాగేది కొంటే భుజానికి మంచిదేనా? ఇంకోటి, ఈమధ్య సాయంత్రానికి పాదాలు కొంచెం వాస్తున్నాయి. వయసు వల్లే అనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు చివర్లో రాసి వదిలేసిన ఆ పాదాల వాపు దగ్గరే నేను ఆగిపోయాను. క్రాస్‌బో గురించి కింద చెబుతాను. 54 ఏళ్లకు వయసు వల్ల పాదాలు వాయవు. పైగా ఎనిమిది నెలలు, రోజుకు రెండు అంటే ఇప్పటికి దాదాపు 480 నొప్పి మాత్రలు మీ కిడ్నీల మీదుగా వెళ్లాయి. అది కూడా షుగర్, బీపీ ఉన్న మనిషికి. మిమ్మల్ని చూడకుండా కిడ్నీలు దెబ్బతిన్నాయని అనలేను, అనడం లేదు. వాపుకు గుండె, లివర్, కాళ్లలోని సిరలు కూడా కారణం కావచ్చు. బీపీ మాత్రల్లో ఆమ్లోడిపిన్ ఉన్నా కొందరికి పాదాలు వాస్తాయి, మీ మాత్రల అట్ట మీద ఆ పేరుందేమో చూడండి. కానీ పరీక్ష చేయించేదాకా నా మొదటి అనుమానం మాత్రం కిడ్నీల మీదే.

ఎందుకో చెబుతాను. కిడ్నీ వడపోత గదిలోకి రక్తం తెచ్చే సన్నటి నాళం తెరుచుకుని ఉండటానికి మన ఒంట్లోనే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. ఎసిక్లోఫెనాక్ నొప్పి తగ్గించేది వాటిని అడ్డుకునే. అంటే లోపలికి వచ్చే దారి ఇరుకవుతుంది. టెల్మిసార్టాన్ రక్తం బయటకు వెళ్లే నాళాన్ని సడలిస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని మూత్రంలోకి పంపేస్తుంది. ఈ మూడూ ఒకే మనిషి వాడితే వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. విడివిడిగా ఏదీ విషం కాదు, కలిసినప్పుడే ప్రమాదం. దానికి మన విశాఖ ఉక్కపోత కూడా తోడవుతుంది. గంటసేపు మైదానంలో నిలబడితే చొక్కా పిండుకోవాల్సిన ఊరు ఇది. చెమటలో పోయిన నీరు తిరిగి పట్టేలోపే మీరు నొప్పి మాత్ర వేసుకుని ఇంకో 30 బాణాలు వేస్తున్నారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీ పెంచుతాయి. మీకు బీపీ మాత్ర రాసిన డాక్టర్‌కు ఈ నొప్పి మాత్రల సంగతి మీరు చెప్పారా? మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చెప్పరు. అడిగితే, 'అది మందు కాదండీ, నొప్పి బిళ్లే కదా' అంటారు.

మూడేళ్ల కిందట ఫిషింగ్ హార్బర్ నుంచి ఒకాయన వచ్చాడు. ముప్పై ఏళ్లు వల లాగిన భుజం. నొప్పికి ఏడాదిపాటు షాపులో సెట్లు కట్టించుకుని వాడాడు. ఒక్కో పొట్లంలో నాలుగు రంగుల బిళ్లలు. అందులో ఏముందో ఆయనకూ తెలీదు, పొట్లం చూసిన నాకూ తెలీలేదు. అలాంటి సెట్లలో స్టెరాయిడ్ కూడా కలుపుతుంటారు. ఆయన మొహం వాచి వచ్చాడు. నా దగ్గరికి వచ్చింది భుజం కోసం, నేను పంపింది నెఫ్రాలజీకి, అంటే కిడ్నీ విభాగానికి. శ్రీకాకుళం ఉద్దానం పక్కనే పెట్టుకుని బతుకుతున్న వాళ్లం మనం. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, దానికి నొప్పి మాత్రలే కారణమని నేను అనను. కానీ డయాలసిస్ అంటే ఒక ఇంటికి ఏమవుతుందో ఉత్తరాంధ్రలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఈ విషయంలో నేను కోప్పడతాను, ఏమీ అనుకోకండి.

చేయించాల్సినవి: సీరం క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (ఈ రెండూ కిడ్నీ వడపోత ఎలా ఉందో చెబుతాయి), పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), ఒక ఈసీజీ. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చేయించుకున్నా, ఇంటి దగ్గర ల్యాబ్‌లో చేయించుకున్నా ఫర్వాలేదు. రిపోర్టులు మీ షుగర్ డాక్టర్‌కు చూపించండి. కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రల డోసు కూడా మార్చాల్సి రావచ్చు. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు మానేయకండి. మానాలో వద్దో చూసినవాళ్లు చెబుతారు. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా, మొహం వాచినా, మలం నల్లగా వస్తున్నా రిపోర్టుల కోసం ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లండి.

ఇక భుజం. ఎనిమిది నెలలుగా నొప్పి, రాత్రి ఆ పక్కకు పడుకోలేకపోవడం, లాగేటప్పుడు సగంలో కలుక్కుమనడం... ఇవి భుజం కీలును చుట్టి పట్టుకునే రొటేటర్ కఫ్ కండరాల స్నాయువు వాచినా, చిరిగినా కనిపించే లక్షణాలు. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) కూడా ఎక్కువ. మెడ నరం నొక్కుకుపోయినా నొప్పి భుజంలోకే దిగుతుంది. మోచేతిని పక్కకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పి చూడండి. ఎడమ చేయి తిరిగినంత కుడి చేయి తిరగకపోతే, ఇంట్లో ఎవరైనా పట్టుకుని తిప్పినా అక్కడే ఆగిపోతే, ఫ్రోజెన్ షోల్డర్ అనుమానించాలి. అవతలివాళ్లు ఎత్తితే లేచి, మీ అంతట మీరు ఎత్తబోతే లేవకపోతే కఫ్ చిరిగి ఉండొచ్చు. ఇది నిర్ధారణ కాదు. దానికి చేత్తో పరీక్షించాలి, ఎక్స్‌రే తీయాలి, అవసరమైతే అల్ట్రాసౌండో ఎంఆర్‌ఐయో చేయాలి. రెండింటికీ వైద్యం వేరు. ఫ్రోజెన్ షోల్డర్ ఏడాది నుంచి మూడేళ్ల దాకా సాగినా, చాలామందికి వ్యాయామంతో సడలుతుంది. పెద్దగా చిరిగిన కఫ్‌ను నెలల తరబడి వదిలేస్తే కండరం కుంచించుకుపోయి కొవ్వు పడుతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా పాత బలం రాకపోవచ్చు. మాత్ర వేసుకుని లాగడం వల్ల మీకు నొప్పి తెలియకుండా పోయింది, స్నాయువు మీద బరువు మాత్రం అంతే పడింది.

ఆ బరువు ఎంతో చూడండి. 50 పౌండ్లంటే సుమారు 22.7 కిలోలు. 60 బాణాలకు 1,300 కిలోలు దాటుతుంది. కాంపౌండ్ బోలో చక్రాలు తిరిగాక 70, 80 శాతం బరువు తగ్గే మాట నిజమే, పూర్తిగా లాగి నిలబెట్టేటప్పుడు హాయిగా ఉంటుంది. కానీ అక్కడికి చేరేలోపు సగం దారిలో పూర్తి బరువు భుజం ఎత్తులో మోయాల్సిందే. మీకు కలుక్కుమంటున్నదీ సరిగ్గా అక్కడే.

క్రాస్‌బో విషయానికి వస్తే, మీ బావమరిది చెప్పింది తప్పు కాదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో విల్లు లాగలేని వేటగాళ్లకు డాక్టర్ సర్టిఫికెట్ మీద క్రాస్‌బో అనుమతించే పద్ధతి ఉంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. మీకు టార్గెట్ ఒక్కటే. మీరు వెళ్లే ఆర్చరీ పోటీల్లో క్రాస్‌బోతో నిలబడనివ్వరన్న సంగతి కూడా కొనేముందు ఆలోచించుకోండి. విదేశం నుంచి తెప్పించేముందు కస్టమ్స్‌నూ, మీ పోలీస్ స్టేషన్‌నూ అడగండి.

భుజం వరకు చెప్పాలంటే, పౌండ్లను చూసి క్రాస్‌బో ఎంచుకోకూడదు. మామూలుగా 150 నుంచి 200 పౌండ్ల మధ్య ఉంటాయి. కాలితో తొక్కిపట్టి, వంగి, తాడుతో రెండు చేతులా లాగితే శ్రమ సగమవుతుంది. సగమైనా అది మీ 50 పౌండ్ల కన్నా ఎక్కువే. నడుము మీదా పడుతుంది. ఊపిరి బిగబట్టి లాగితే బీపీ ఒక్కసారిగా లేస్తుంది. తొమ్మిదేళ్ల షుగర్ కదా, కంటి లోపలి సన్నటి రక్తనాళాలు బలహీనపడి ఉండొచ్చు, రెటీనా పరీక్ష చేయించుకోకుండా ఆ పని అసలు వద్దు. మీరడిగిన హ్యాండిల్ తిప్పే రకంతో లాగే శ్రమ చాలా తగ్గుతుంది, కొంటే అదే కొనండి. అయినా మూడు కిలోల పైబడి, ముందువైపే బరువుండే క్రాస్‌బోను ఎడమ చేతి మీద నిలబెట్టాలి కాబట్టి, ఇప్పుడు బాగున్న ఎడమ భుజం ఎదురు తిరగొచ్చు. కూర్చుని, స్టాండ్ మీద ఆనించి వేయాలి. బొటనవేలు తీగ జారే గాడి పైకి రాకూడదు. వేలి కొసల్లో తిమ్మిరి గానీ స్పర్శ తగ్గడం గానీ ఉంటే వేలు ఎక్కడుందో మీకే తెలియదు, తీగ కోసేస్తుంది. బాణం పెట్టకుండా ట్రిగ్గర్ నొక్కకండి.

నన్ను అడిగితే ముందు ఆరు వారాలు ఏదీ లాగకండి. ఫిజియోథెరపీ మొదలయ్యాక, పరీక్షించిన డాక్టర్ సరేనంటే, ఉన్న కాంపౌండ్ బోనే కోచ్ చేత పౌండ్లు తగ్గించుకుని 20 బాణాలతో మొదలుపెట్టవచ్చు. కాంపౌండ్ వదలాల్సి వస్తుందని మీకు బెంగ ఉన్నట్టుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచిన శీతల్ దేవికి రెండు చేతులూ లేవు. కాలితో విల్లు పట్టి, భుజంతో తీగ లాగి ఆమె వేసేది కాంపౌండ్ బోతోనే. మీ భుజానికి తగ్గ అమరిక దొరకదని ఇప్పుడే అనుకోకండి.

నొప్పికి ఈలోపు వేడి కాపడం పెట్టుకోండి. మరీ భరించలేకపోతే పారాసెటమాల్ 650 ఒక్కటే, రోజుకు మూడుకు మించకుండా, నాలుగైదు రోజులే. లివర్ జబ్బు, రోజూ మద్యం అలవాటు ఉంటే అది కూడా అడగకుండా వద్దు. నూనె పెట్టి చేయి లాగించుకోవడం, షాపులో ఇంజక్షన్ వేయించుకోవడం రెండూ వద్దు. స్టెరాయిడ్ ఇంజక్షన్ కీలులో వేయాల్సిన సందర్భాలు ఉన్నాయి, కానీ షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది, అందుకు సిద్ధపడి వేయాలి.

ఈ రాత్రి వేసుకోబోయే ఎసిక్లోఫెనాక్ మాత్ర వేసుకోకండి. రేపు పొద్దున్నే ల్యాబ్‌కు వెళ్లి రక్తం, మూత్రం ఇచ్చి రండి. క్రియాటినిన్ ఎంత వచ్చిందో ఇదే శీర్షికకు రాయండి. క్రాస్‌బో ఆర్డర్ అప్పటిదాకా ఆపమని మీ బావమరిదికి చెప్పండి.

– ఆర్థోపెడిక్ సర్జన్, విశాఖపట్నం