సమాధానం: బతుకమ్మ ఫొటోల్లో ఆడేవారు మాత్రమే చెదిరిపోవడం

మీ బతుకమ్మ ఫొటోల్లో ఆడేవారు మాత్రమే ఎందుకు చెదిరిపోతున్నారని, లోపం లెన్సుదేనా అని అడిగారు. వెనకనున్న గుడి గోపురం స్పష్టంగా ఉండి, ఆడుతున్న స్త్రీలు మాత్రమే చెదిరినట్లు వచ్చారంటే లోపం లెన్సుది కాదు, షట్టర్ వేగానిది, అంటే కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయానిది. మీరు జతచేసిన ఫొటో వివరాల్లో షట్టర్ వేగం 1/30 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 800 అని ఉంది. లెన్సులోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుందే గాని, చప్పట్లు కొడుతూ తిరిగేవారి కదలికను ఆపలేదు.

1. కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్‌ను, అంటే లెన్సు రంధ్రం పరిమాణాన్ని, మీరు ఎంచుకుంటే షట్టర్ వేగాన్ని కెమెరా చూసుకునే పద్ధతిలో) ఉంచి, రంధ్రం బాగా తెరుచుకునేలా ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 పెట్టండి.

2. ఆటో ఐఎస్ఓను ఎంచుకోండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అదే మెనూ లోపల 'కనిష్ఠ షట్టర్ వేగం' అనే అమరిక ఉంటుంది. దాన్ని 1/250కి మార్చకపోతే, కెమెరా ఐఎస్ఓను పెంచడానికి బదులు షట్టర్‌నే నెమ్మదింపజేస్తుంది. ఆ అమరిక మీ కెమెరాలో లేకపోతే షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ వేగాన్ని మీరే నిర్ణయించే పద్ధతిలో) 1/250 పెట్టుకోవచ్చు.

3. గరిష్ఠ ఐఎస్ఓను 6400గా ఉంచండి. 1/30 నుంచి 1/250కి వెళితే మూడు స్టాపుల వెలుగు తగ్గుతుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) కాబట్టి, అదే అపర్చర్‌లో 800 కాస్తా 6400 కావలసిందే. నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుంది, రానివ్వండి. దాన్ని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, చెదిరిన ముఖాన్ని మాత్రం సరిచేయలేము.

మీతోపాటు అక్కడే నిలబడి తీసిన మిత్రుల చిత్రాలు ఎందుకు బాగా వచ్చాయని అడిగారు. వారి లెన్సు పేరు కన్నా ముందు షట్టర్ వేగం ఎంతో అడిగి, మీ అంకెతో పోల్చి చూడండి. కొత్త లెన్సు ఇప్పుడే కొనవద్దు.