సబ్ గంటలో వస్తే డబ్‌కి వారాలెందుకు?

జపాన్‌లో అనిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) ఎపిసోడ్ ప్రసారమైన గంటలోపే సబ్‌తో, అంటే సబ్‌టైటిల్స్‌తో, అధికారికంగా చూడగలుగుతున్నాం, డబ్‌కి, అంటే వేరే భాషలో గొంతులు పెట్టిన వెర్షన్‌కి, మాత్రం వారాలు పడుతోంది, కొన్ని సిరీస్‌లకి అసలే రావడం లేదు, ఎందుకని చాలామంది అడుగుతుంటారు. నేనూ ఒకప్పుడు జపనీస్ వాయిస్‌లు తప్ప వినేవాణ్ణి కాదు. డబ్ రాకపోతే నష్టమేముంది అనుకునేవాణ్ణి. నాన్నకి చూపు తగ్గాక ఆ అభిప్రాయం పూర్తిగా మారిపోయింది.

ఒక సిరీస్ మొదటి సీజన్ ఇద్దరం ఇంగ్లిష్ డబ్‌లో చూశాం. నాన్నకి బాగా పట్టేసింది. తీరా రెండో సీజన్ వచ్చేసరికి హక్కులు వేరే కంపెనీ చేతికి వెళ్లాయి. అక్కడ సబ్ ఒక్కటే ఉంది. పన్నెండు ఎపిసోడ్లూ పక్కన కూర్చుని సబ్‌టైటిల్స్ పైకి చదివి వినిపించాను. ఫైట్ సీన్లో ముగ్గురు ఒకేసారి అరిస్తే అందుకోలేకపోయేవాణ్ణి. "ఆగరా, ఈ మాట ఎవరన్నారు?" అని నాన్న ఆపించేవారు. ఈ హక్కుల వ్యవహారం ఏమిటో తెలుసుకోవాలనిపించింది అప్పుడే.

విదేశీ హక్కుల్ని గుత్తగా ఒకరికే అమ్మాలని లేదు. దేశాన్ని బట్టి, భాషను బట్టి విడగొడతారు. స్ట్రీమింగ్ ఒకరికి, డిస్క్ ఇంకొకరికి పోవచ్చు. ఒకే సంస్థ కొన్నా అన్ని దేశాల్లో ఒకేలా విడుదల చేయకపోవచ్చు. 2018 జనవరిలో వయొలెట్ ఎవర్‌గార్డెన్ అనే సిరీస్ జపాన్‌లో మొదలైనప్పుడు నెట్‌ఫ్లిక్స్ చాలా దేశాల్లో వారం వారం ఇచ్చింది, అమెరికా వాళ్లు మాత్రం ఏప్రిల్ దాకా ఎదురుచూశారు. ఫలానా సైట్‌లో డబ్ ఉందని వేరే దేశంలోని స్నేహితుడు చెప్తే అది నిజమే కావచ్చు, మీకు మాత్రం కనిపించకపోవచ్చు.

ఇక ఆలస్యం సంగతి. ప్రసారానికి ముందే స్క్రిప్టు, వీడియో చేతికొస్తే అనువాదకులు, టైమింగ్ చూసేవాళ్లు, ఎడిటర్ కలిసి కొద్దిమందే సబ్ పూర్తి చేసేస్తారు. డబ్ అలా కాదు. అనువదించిన డైలాగ్‌ని పాత్ర పెదవుల కదలికకు సరిపోయేలా తిరగరాయాలి. నటుల్ని ఎంచుకోవాలి, ఒక్కొక్కరిని బూత్‌లో కూర్చోబెట్టి రికార్డు చేయాలి, ఆ గొంతుల్ని సంగీతం, సౌండ్ ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ట్రాక్‌తో కలిపి మిక్స్ చేయాలి. ఇంత పనికి రెండు మూడు వారాలే పట్టిందంటే నిజానికి అది చాలా వేగం. 2020 మార్చిలో కోవిడ్ వల్ల డబ్బింగ్ స్టూడియోలకు వెళ్లలేక అమెరికాలో డబ్ ఎపిసోడ్లు నిలిచిపోయాయి. సబ్ పని ఇంట్లో కూర్చుని చేయొచ్చు కాబట్టి దానికంత దెబ్బ తగల్లేదు. పైగా డబ్‌కి ఖర్చు కూడా చాలా ఎక్కువ. చూసేవాళ్లు తక్కువ ఉంటారనుకున్న సిరీస్‌కి ఆ డబ్బు పెట్టడానికి కంపెనీలు వెనకాడతాయి.

పాత డబ్ ఉంది కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. ఇవాంజెలియన్ అనే పాత సిరీస్ 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చినప్పుడు దశాబ్దాలుగా అలవాటైన ఇంగ్లిష్ డబ్ రాలేదు, కొత్త నటులతో కొత్తది చేయించారు. జపాన్ బయట చాలా చోట్ల చివర్లో వచ్చే ఫ్లై మీ టు ది మూన్ పాట కూడా తీసేశారు. ఎందుకంటే పాట హక్కులు వేరు.

అయినా మునుపటి కంటే నయమే. క్యాసెట్ల కాలంలో అమెరికా అభిమానులు సబ్ టేపో డబ్ టేపో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చేది, తక్కువమంది కొనే సబ్ టేపుకే ధర ఎక్కువ. డీవీడీ వచ్చాక రెండూ ఒకే డిస్క్‌లో పట్టాయి.

మీకు నేను చెప్పేదల్లా, డబ్బు కట్టేముందు మీ దేశం నుంచి లాగిన్ అయి ఆ సిరీస్ పేజీలో ఆడియో భాషలు సీజన్ వారీగా చూసుకోండి. మొదటి సీజన్‌కి ఉన్నది రెండోదానికి ఉంటుందని నమ్మకండి, నేను అక్కడే దెబ్బతిన్నాను. డిస్క్ కొంటుంటే వెనక ఆడియో ట్రాకులతో పాటు రీజియన్ కోడ్ (ఆ డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) కూడా చదవండి. ఇంట్లో సరిగా వినపడనివాళ్లుంటే ఇంకోటి కూడా చూసుకోవాలి. డబ్ పెట్టి సబ్ ఆన్ చేస్తే తరచూ జపనీస్ డైలాగ్‌కి రాసిన అనువాదమే వస్తుంది, వినిపించే మాట ఒకటి, కనిపించేది ఇంకొకటి. డబ్ డైలాగ్‌కే రాసిన క్యాప్షన్లు వేరుగా ఉన్నాయేమో వెతకండి, లేకపోతే కావాలని కంపెనీకి తప్పకుండా రాయండి.

2024లో సోలో లెవెలింగ్ అనే సిరీస్ తెలుగు డబ్‌తో కూడా వచ్చింది. నాన్నకి పెట్టి, అలవాటు కొద్దీ పక్కన కూర్చున్నాను. రెండు ఎపిసోడ్లు అయ్యాక, "నువ్వెళ్లి నీ పని చూసుకోరా, నాకంతా అర్థమవుతోంది" అన్నారు.