మంద కాపలాకు ఏ కుక్క మేలు?

ప్రశ్న: నాకు 70 గొర్రెలున్నాయి. రాత్రిళ్లు చేలల్లో మంద పెట్టినప్పుడు నక్కలు, ఊరకుక్కలు పిల్లలను ఎత్తుకుపోతున్నాయి. కాపలాకు కొందరు ముధోళ్ కుక్కను, మరికొందరు జర్మన్ షెపర్డ్‌ను కొనమంటున్నారు. ఏది మంచిది?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

సమాధానం: రెండూ మంచి జాతులే గానీ, మీ పనికి రెండూ సరిపోవు. ఒక జాతిని తరతరాలుగా ఏ పని కోసం ఎంచి పెంచారో ఆ పని దాని నెత్తుట్లోనే ఉంటుంది. శిక్షణతో కొంత అదుపు చేయగలం గానీ పూర్తిగా మాన్పించలేం.

కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాకు చెందిన ముధోళ్ జాగిలం, కుందేలు వంటి జంతువులను కంటితో గుర్తించి తరిమి పట్టే వేటకుక్క. కళ్లముందు ఏది చటుక్కున పరుగెత్తినా వెంటపడటం దానికి సహజం కనుక, గంతులేసే గొర్రెపిల్ల కూడా దానికి వేటగానే కనిపించే ప్రమాదం ఉంది. జర్మన్ షెపర్డ్ గొర్రెల కాపరుల కుక్కే అయినా, మందను అదిలించి పక్క చేలో పడకుండా తిప్పడం దాని పని. రాత్రంతా ఒంటరిగా జీవాల మధ్య ఉండి కాయడం కాదు. రోజూ పని, శిక్షణ, యజమాని సాంగత్యం కరువైతే అది విసిగి గొర్రెలనే తరమవచ్చు. పైగా దట్టమైన బొచ్చున్న ఆ కుక్కను మన వేసవి ఎండల్లో ఆరుబయట ఉంచడం దాన్ని హింసించడమే.

మీ ప్రాంతపు కాపరుల మందల్లో పుట్టిన నాటు కుక్కపిల్లను తీసుకోండి. ముందు తల్లిని చూడండి: కొత్తవారిని చూస్తే మొరిగి, గొర్రెల మధ్య మాత్రం నింపాదిగా పడుకునే తల్లి అయితే, దాని పిల్లను 8 వారాల వయసులో తెచ్చుకోవచ్చు. సుమారు 3 నుంచి 14 వారాల వరకు కుక్కపిల్ల ఎవరి మధ్య పెరిగితే వారినే తనవారనుకుంటుంది కాబట్టి, ఇంటి దగ్గర కట్టేయకుండా దొడ్డిలోనే ఒక మూల, సాధువైన గొర్రెల పక్కన పెంచండి. ఆటగా పిల్లలను తరిమినా మొదటిసారే గద్దించండి. ఏడాదిన్నర దాటేవరకు మందను దాని ఒక్కదానికే అప్పగించవద్దు. ఊరకుక్కల గుంపును ఒక్క కుక్క ఆపలేదు గనుక, రాత్రిళ్లు పిల్లలను వలకంచెలో ఉంచడం తప్పనిసరి.

కుక్కకు 3 నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, నెల తర్వాత మళ్లీ ఒకసారి, ఆపై ఏటా వేయించాలి. మూడు నెలలకోసారి పశువైద్యుని సలహాతో బద్దెపురుగులపై పనిచేసే నట్టల మందు తాగించండి. చచ్చిన జీవాల తలను, పేగులను దానికి వేయకుండా లోతుగా పూడ్చండి. ఆ తలలోని తిత్తులు తిన్న కుక్క కడుపులో బద్దెపురుగులు పెరిగి, వాటి గుడ్లు మలంతో మేతపైకి చేరితే, ఆ మేత తిన్న గొర్రె మెదడులో నీటితిత్తి ఏర్పడి, అది తల వాల్చి గుండ్రంగా తిరుగుతూ చివరకు చనిపోతుంది.