పోర్చుగీసులో డిగ్రీ చేయొచ్చా? కందుకూరు నుంచి గోవా వెళ్లి చదివినదాన్నిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: ఇంటర్ అయింది, ఊరు కావలి దగ్గర, పోర్చుగీసు భాష, సంస్కృతి మీద యూనివర్సిటీలో డిగ్రీ చేయాలని ఉంది, ఇంట్లో బీటెక్ అంటున్నారు, మన వైపు ఎవరైనా చదివారా, చదివి ఏం చేస్తున్నారు అని.

నేను చదివాను. మాది కందుకూరు పక్క పల్లె. నాన్న పొగాకు రైతు. ఇప్పుడు హైదరాబాద్‌లో మందుల కంపెనీల కాగితాలు పోర్చుగీసులోకి, పోర్చుగీసు నుంచి ఇంగ్లీషులోకి మార్చే పని చేస్తున్నాను. చదవొచ్చు అనే నా జవాబు. అయితే ఎక్కడ చదవాలి, ఏ వరసలో చదవాలి అన్నది సరిగ్గా చూసుకోకపోతే డబ్బూ పోతుంది, ఏళ్లూ పోతాయి. నాకు డబ్బు పోయింది కాబట్టి ముందు అదే చెబుతాను.

ఇంటర్ అయ్యాక పేపర్లో ప్రకటన చూసి ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. "పోర్చుగల్‌లో డిగ్రీ, సీటు గ్యారంటీ" అన్నారు. నాన్న 40 వేలు కట్టాడు. నాలుగు నెలలు తిప్పి చివరికి చూపించిన సీటు ఇంగ్లీషులో చెప్పే బిజినెస్ కోర్సుది. పోర్చుగీసు భాష అందులో ఒక్క పేపర్ కూడా లేదు. డబ్బు తిరిగి రాలేదు. అందుకే చెబుతున్నా, ఏ యూనివర్సిటీ అయినా సరే, దాని సొంత వెబ్‌సైటులో సిలబస్ మీరే తెరిచి చూడండి. మధ్యలో ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు.

పోర్చుగల్‌లోనే డిగ్రీ చేయాలంటే దాన్ని అక్కడ లిసెన్సియతూర అంటారు. మూడేళ్లు, 180 క్రెడిట్లు. మార్కులు 20కి వేస్తారు, పది వస్తే పాస్. భాషా సాహిత్యాల కోర్సుల్లో పాఠాలు పోర్చుగీసులోనే జరుగుతాయి. అంటే ఇక్కడి నుంచి ఏమీ రాకుండా వెళ్లి కూర్చోలేం. ఖర్చు కూడా తక్కువ కాదు. 1290లో పుట్టిన కోయింబ్రా యూనివర్సిటీలో నేను విచారించినప్పుడు విదేశీ విద్యార్థికి ఏడాది ఫీజు 7,000 యూరోలు. ఇల్లు, తిండి వేరే. రెండెకరాల పొగాకు మీద అది మా వల్ల అయ్యే పని కాదు.

కాబట్టి నేను దగ్గర దారి పట్టాను. కావలిలో హిస్టరీతో బీఏ, తర్వాత ఢిల్లీ యూనివర్సిటీలో పోర్చుగీసు సర్టిఫికెట్, డిప్లొమా, ఆపైన గోవా యూనివర్సిటీలో పోర్చుగీసు ఎంఏ. మొత్తం లెక్క వేసుకుంటే పోర్చుగల్‌లో ఒక్క ఏడాదికి అయ్యే ఖర్చు కూడా కాలేదు. పైగా గోవాలో చదవడంలో ఇంకెక్కడా దొరకని లాభం ఒకటుంది. పణజిలో ఫొంతాయిన్యాస్ అనే పాత పేటలో ముసలివాళ్లు ఇప్పటికీ ఇంట్లో పోర్చుగీసు మాట్లాడతారు. నేను ఒక బామ్మగారి ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. క్లాసులో నేర్చుకున్నది సాయంత్రం ఆమె దగ్గర అప్పజెప్పేదాన్ని. తప్పు పలికితే ఆమె వదిలిపెట్టేది కాదు.

ఇక అసలు చదువు సంగతి.

ఎంఏ మొదటి నెలలో ఒకరోజు మా మేడమ్ బోర్డు మీద ఒక మాట రాసి "లెయిలాఁవ్" అని పలికారు. మీ మీ భాషల్లో దీనికి చుట్టం ఎవరో చెప్పమన్నారు. మరాఠీ అమ్మాయి లిలావ్ అంది. లక్నో అబ్బాయి నీలామ్ అన్నాడు. మదురై అతను ఏలం అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది, వేలం! మా నాన్న ఏటా బేళ్లు ట్రాక్టరు మీద వేసుకుని వెళ్లే చోటు పొగాకు వేలం కేంద్రం. వరసగా పేర్చిన బేళ్ల మధ్య కొనేవాళ్లు నడుస్తూ వస్తుంటే, మన బేలు దగ్గర ఆగుతారా లేదా అని నాన్న ఊపిరి బిగబట్టుకుని నిలబడే చోటు. ఆ మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. వాళ్లకి అది అరబ్బీ నుంచి అందింది. ఆ పొగాకు మొక్క కూడా అమెరికా ఖండం నుంచి వాళ్ల ఓడల్లోనే మన దేశానికి వచ్చింది. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే నువ్వు చదివేది మన చదువేనమ్మే" అన్నాడు. అప్పటిదాకా ఆయన దృష్టిలో నాది ఎవరిదో పరాయి చదువు.

ఆ తర్వాత నేను వెతకడం మొదలుపెట్టాను. సబ్బు, తువ్వాలు, అలమర, పీపా, మేస్త్రి, ఆయా, బొప్పాయి, అనాస. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి మా ఊరి టైలర్ కొట్టులో కూర్చుని ఉన్నాను. ఆయన పనివాడితో "చొక్కాకి కాజాలు తీసి, బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేయి" అన్నాడు. ఆ వాక్యంలో మూడు పోర్చుగీసు మాటలున్నాయి. కాజా అంటే పోర్చుగీసులో ఇల్లు. గుండీ దూరే రంధ్రాన్ని వాళ్లు గుండీకి ఇల్లు అనుకున్నారు. మనం ఆ ఇంటి పేరు తెచ్చుకుని అర్థం వదిలేశాం. మన గంజి మాత్రం అటు వెళ్లింది. దక్షిణాది భాషల గంజి మాటే అక్కడ కాంజ అయి, పోర్చుగల్లో జ్వరం వచ్చినవాళ్లకి పెట్టే కోడి సూపు పేరైంది.

భాష కష్టమా అంటే, వ్యాకరణం కన్నా చెవికే కష్టం. పోర్చుగల్ వాళ్లు అచ్చుల్ని మింగేస్తారు. కాగితం మీద నాలుగు అక్షరాలుంటే చెవికి రెండే అందుతాయి. తెలుగులో ప్రతి మాటా అచ్చుతో విచ్చుకుని ముగుస్తుంది కాబట్టి మనకి బ్రెజిల్ యాస తొందరగా దొరుకుతుంది. నాకు పనికొచ్చిన కిటుకు ఒకటి చెబుతాను. మనం వదిలేసిన రెండు అక్షరాలు, అరసున్న, బండి ఱ, రెండూ నా నోటుబుక్కులోకి తిరిగి వచ్చాయి. పావ్ అంటే కర్ర, పాఁవ్ అంటే రొట్టె. ముక్కుతో పలికే ఆ తేడా రాయడానికి అరసున్నని మించింది లేదు. కారు అని మామూలు రేఫతో పలికితే ఖరీదైనది, ప్రియమైనది అని అర్థం. అదే గట్టి ఱ తో కాఱు అంటే మనం ఎక్కే కారు. తిక్కన పద్యాల్లో ఱ ని చూసి, ఈ అక్షరం ఎందుకు అని బడిలో అనుకున్నదాన్ని. ఇంకో దేశపు భాష నేర్చుకుంటుంటే దాని విలువ తెలిసింది.

వారాల పేర్లు జాగ్రత్త. సోమవారాన్ని 'రెండోది' అంటారు, మంగళవారాన్ని 'మూడోది'. లెక్క ఆదివారంతో మొదలవుతుంది. నువ్వు, మీరు తేడా మనకి పుట్టుకతో ఉంది కాబట్టి ఎవరిని ఎలా పిలవాలన్నది ఇంగ్లీషు మీడియం వాళ్లకన్నా మనకి సులువుగా వస్తుంది. స్త్రీలింగం, పుంలింగం మాత్రం కంఠస్థం చేయాల్సిందే. బల్ల ఆడది, పుస్తకం మగది. ఎందుకని అడిగితే జవాబు ఉండదు.

సంస్కృతి పేపర్లంటే చాలామంది పాటలు, పండుగలు, వంటలు అనుకుంటారు. నాకు ఆ రెండేళ్లలో అన్నిటికన్నా లోతుగా దిగింది చరిత్ర. రాయల కాలంలో, ఆ తర్వాత విజయనగరం వచ్చి చూసినదీ విన్నదీ రాసిపెట్టిన పోర్చుగీసువాళ్లు డొమింగో పేస్, న్యూనిజ్ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి. సీవెల్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు 1900లో అచ్చువేసిన ఇంగ్లీషు అనువాదం నుంచే మనవాళ్లు వాళ్లని ఎక్కువగా ఉటంకిస్తారు. నేను న్యూనిజ్‌ని పాత పోర్చుగీసులోనే చదివాను. ఒక పేజీలో "దిగరి" అనే ఊరు వచ్చింది. ఎక్కడబ్బా ఇది అని మళ్లీ చదివితే, ఉదయగిరి! మా అమ్మమ్మగారి ఊరు. ఆయన రాసింది ఇదీ: రాయలు 34 వేల కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడు, కోటలో పది వేల మంది భటులు, 400 గుర్రాలు ఉన్నాయి, పైకి వెళ్లే దారి ఒక్కటే, అది ఒకరి వెనక ఒకరు తప్ప నడవలేనంత ఇరుకు, రాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి, పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి కొండల మీద దారులు వేయించాడు. ఉదయగిరి 1514లో రాయల చేతికి వచ్చింది. న్యూనిజ్ దాన్ని కళ్లారా చూడలేదు, ఇరవై ఏళ్ల తర్వాత విని రాశాడు. అంకెల్ని ఆ మేరకే నమ్మాలి. కానీ ఆ ఇరుకు దారి మాత్రం నాకు తెలుసు. చిన్నప్పుడు అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని "ముందు నేను, నా వెనక నువ్వు" అంటూ ఆ కొండ ఎక్కించింది.

ఆ పేపర్లలోనే ఇంకో వైపూ ఉంటుంది. 1510లో గోవాని పట్టుకున్న సంగతి, 1560లో అక్కడ మొదలైన ఇంక్విజిషన్ (మతం తప్పారని మనుషుల్ని విచారించి శిక్షించిన చర్చి కోర్టు), ఆఫ్రికా నుంచి బానిసలుగా మనుషుల్ని తోలుకెళ్లిన ఓడలు. ఈ భాషని ప్రేమించేవాళ్లు ఆ పాఠాలు దాటేసి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. అంగోలా, మొజాంబిక్, కేప్ వెర్దె రచయితల్ని చదివాక నాకు అర్థమైంది, ఈ భాష ఇవాళ ఒక్క పోర్చుగల్ సొత్తు కాదని. తొమ్మిది దేశాల్లో ఇది అధికార భాష. ఒక్క బ్రెజిల్‌లోనే 20 కోట్ల మంది ఉన్నారు.

ఉద్యోగం. దాచకుండా చెబుతాను. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్‌లకి ఉన్నన్ని ఉద్యోగాలు దీనికి లేవు. కానీ వచ్చినవాళ్లు కూడా తక్కువ మందే. నా మొదటి జీతం 28 వేలు. బీటెక్ చేసిన మా పిన్ని కొడుకుది అప్పటికి అంతకన్నా ఎక్కువ. మూడేళ్లలో నేను అతన్ని అందుకున్నాను. హైదరాబాద్ మందుల కంపెనీలు బ్రెజిల్‌కి అమ్మాలంటే అక్కడి నియంత్రణ సంస్థ అన్విసాకి కాగితాలు పెట్టాలి, వాటిలో చాలా భాగం పోర్చుగీసులో ఉండాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మందు డబ్బాలో మడిచి పెట్టే కాగితాన్ని బ్రెజిల్‌లో బూల అంటారు, పోర్చుగల్‌లో ఆ మాట పెడితే తిప్పి పంపుతారు, అక్కడ దాని పేరు వేరు. రైలుకి, బస్సుకి కూడా రెండు దేశాల్లో రెండు మాటలు. కాబట్టి చదివేటప్పుడే రెండు రకాలూ చెవిన వేసుకోండి. గోవాలో ఇంకో రకం పని ఉంది. పాత భూమి దస్తావేజులు, వారసత్వ కాగితాలు పోర్చుగీసులో ఉన్నాయి, చదివి చెప్పేవాళ్లు కావాలి. నా క్లాస్‌మేట్ ఒకామె అదే చేస్తోంది. డిగ్రీ పట్టాతో పాటు లిస్బన్ యూనివర్సిటీ తరఫున విదేశీయులకి జరిగే కాప్లె అనే పోర్చుగీసు పరీక్షల్లో కనీసం బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగోది) రాసి ఉంచుకోండి. ఇంటర్వ్యూలో ముందు అదే అడుగుతారు.

ఒకసారి బ్రెజిల్ వాళ్లతో వీడియో కాల్‌లో మీదే ఊరు అని అడిగితే నెల్లూరు వైపు అన్నాను. అవతలాయన కుర్చీలో ముందుకి వంగి "నెలోరి? ఎద్దులాగానా?" అన్నాడు. బ్రెజిల్ పచ్చిక మైదానాల నిండా ఉన్న తెల్ల పశువుల జాతి పేరు నెలోరి. అవి మన ఒంగోలు పశువుల సంతతి. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి వెళ్లిన ఎద్దుల్లో ఒకదాన్ని వాళ్లు కర్వాది అని పిలిచారు, ఒంగోలు పక్కనున్న మన కరవది పేరుతోనే. ఆయన వాళ్ల తాత గొడ్ల కథ చెప్పాడు, నేను మా ఊరి బండలాగుడు పోటీల గురించి చెప్పాను. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు నాకు నా చదువు మొత్తం ఇచ్చిన సంతోషంతో సమానం.

ఇంట్లో ఎలా ఒప్పించాలన్నది మీ అసలు ఇబ్బంది అనుకుంటా. బీటెక్ వద్దు, పోర్చుగీసే కావాలని ఇప్పుడే పట్టుపట్టకండి. ఇక్కడే ఏదో ఒక డిగ్రీలో చేరండి. చరిత్రో, ఇంగ్లీషో అయితే తర్వాత కలిసొస్తుంది, కామర్స్ అయినా పర్వాలేదు. పక్కన ఏ1 స్థాయి ఆన్‌లైన్‌లో మొదలుపెట్టండి. రోజుకి గంట. అందులో సగం వినడానికే పెట్టండి, ఒకరోజు పోర్చుగల్ రేడియో, ఒకరోజు బ్రెజిల్ వార్తలు. ఆరు నెలలు గడిచాక కూడా ఆ గంట కోసం ఎదురుచూస్తూ ఉంటే అప్పుడు మీ నాన్నగారితో కూర్చుని ఢిల్లీ, గోవా ఫీజుల కాగితం చేతిలో పెట్టి మాట్లాడండి. హాస్టల్, అద్దెలు, ఎంట్రన్స్ ఎలా ఉంటుంది అన్నవి అడగాలనుకుంటే కింద రాయండి, నాకు తెలిసినంత చెబుతాను.