బోటు ట్రైలర్‌ను జీపుతో లాగేముందు ఏం చూసుకోవాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలికి బోటును ట్రైలర్ మీద పెట్టి జీపుతో లాగొచ్చా అని అడిగారు. లాగొచ్చు. చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. బరువు పరిమితి మించితే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

అసలు ప్రమాదం బరువు సర్దడంలో ఉంది. బోటుతో కలిపి ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్ మీద, అంటే ట్రైలర్‌ను జీపుకు తగిలించే చోట, పడాలి. బోటు ఇంజను వెనక ఉంటుంది కాబట్టి వెనక బరువెక్కి ట్రైలర్ పాములా ఊగుతుంది. అప్పుడు టెన్షన్‌లో బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ కదలకుండా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి. రుషికొండ వైపు పల్లాల్లో ముందే తక్కువ గేరులోకి రండి, లేదంటే బ్రేకులు వేడెక్కుతాయి. ట్రైలర్‌ను జీపుకు అదనంగా కట్టే సేఫ్టీ చైన్లు మాత్రం దయచేసి వదలకండి. వాటిని హుక్ కింద అడ్డదిడ్డంగా కాకుండా కత్తెరలా ఒకదాని మీదుగా ఒకటి వేస్తే, హుక్ ఊడినా ట్రైలర్ ముక్కు రోడ్డుకు గుచ్చుకోదు.