నెలవారీ అనుకున్నది ఏడాది ప్లాన్ అయింది, రూ. 9,200 వెనక్కి వస్తాయా?

ప్రశ్న: చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. నేనూ, నా భార్యా పని చేస్తాం, సీజన్‌లో ఒక కుర్రాణ్ని పెట్టుకుంటాం. ఒక పెద్ద కంపెనీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను నెలకు రూ. 2,300 అని చూసి తీసుకున్నాను. నాలుగు నెలలకు మానేస్తానంటే అది ఏడాది ప్లాన్ అని చెప్పి, మిగిలిన ఎనిమిది నెలల సొమ్ములో సగం, రూ. 9,200, కార్డులోంచి లాగేశారు. 19 నెలలుగా మెయిళ్లు పెడుతున్నాను. ఆర్డరు మెయిల్ డిలీట్ అయింది. ఒకప్పుడు కొంటే సొంతమయ్యేది, ఇప్పుడు జీవితాంతం అద్దె. ఇది దోపిడీ కాదా? క్రాక్ (లైసెన్సు లేని దొంగ కాపీ) వేసుకోమని అందరూ అంటున్నారు.

జవాబు: దోపిడీ అవునో కాదో ఏ వినియోగదారుల కమిషనూ తేల్చదు. అమ్ముకోవాలా, అద్దెకివ్వాలా అన్నది కంపెనీ ఇష్టం. మీ ఉత్తరం మొత్తంలో కేసును నిలబెట్టేది ‘నేనూ, నా భార్యా పని చేస్తాం’ అన్న ముక్కే.

వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) అంటోంది. వ్యాపారం కోసం సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొన్న కంపెనీ వినియోగదారు కాదని 2025లో పాలీ మెడిక్యూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అవతలి లాయరు మొదట తీసేది దాన్నే. అయితే కేవలం జీవనోపాధికి, స్వయం ఉపాధిగా వాడుకుంటే వాణిజ్యం కిందికి రాదని అదే సెక్షన్ వివరణ చెబుతోంది. ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఫర్వాలేదని 1995 నాటి లక్ష్మీ ఇంజనీరింగ్ తీర్పు ఉంది. వివరణలో ‘సరుకులు’ అనే ఉంది కాబట్టి, సబ్‌స్క్రిప్షన్ సేవ కదా అని మెలిక పెడతారు. ప్యాకేజీ సాఫ్ట్‌వేర్ సరుకేనని టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో 2004లోనే చెప్పారు, అది దగ్గర పెట్టుకోండి. ఇన్‌వాయిస్‌లో జీఎస్టీ నంబరు వేయించి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు) తీసుకున్నారా? తీసుకుని ఉంటే వ్యాపారానికే కొన్నారని వాదిస్తారు, ముందే మీ లాయరుకు చెప్పండి, దాచొద్దు.

అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. డబ్బు కోసిన రోజు నుంచి లెక్కేస్తే మీకు మిగిలింది అయిదు నెలలే. ‘మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది’ అన్న జవాబులు ఎన్ని వచ్చినా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఆలస్యం మాఫీ చేయమని అడగొచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఆర్డరు మెయిల్ డిలీట్ చేసుకుని న్యాయం అడగడమేమిటండీ? కంపెనీ ఖాతా మూసేయకముందే లాగిన్ అయి ఇన్‌వాయిస్‌లన్నీ దించుకోండి. బిల్లు ఇచ్చిన సంస్థ పేరు చూడండి. చాలాసార్లు అది ఇక్కడి కంపెనీ కాదు, ఐర్లండ్‌దో సింగపూర్‌దో అయి ఉంటుంది. ఇక్కడి అనుబంధ సంస్థనూ ప్రతివాదిగా చేర్చాలి. కొనుగోలు పేజీని ఇవాళ స్క్రీన్‌షాట్ తీస్తే లాభం లేదు, అప్పటి పేజీ వేరని వాదిస్తారు. బ్యాంకును అడగాల్సింది ఈ-మాండేట్ (కార్డులోంచి దానంతటదే డబ్బు కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) వివరాలు: గరిష్ఠ పరిమితి ఎంత, రూ. 9,200 కోసే ముందు 24 గంటల నోటీసు వచ్చిందా. ఇవి దొరికితే సగం కేసు అక్కడే ఉంది. చాట్‌లు, మెయిళ్ల ప్రింట్లతోపాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జత చేయండి.

క్రాక్ మాట ఎత్తకండి. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద తెలిసి దొంగ కాపీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, రూ. 50,000 నుంచి 2 లక్షల జరిమానా. లాభానికి కాక సొంతానికి వాడుకున్నవాళ్లకు జైలు తప్పించే వెసులుబాటుంది, దుకాణంలో వాడిన మీకు ఉండదు. పైగా ఫిర్యాదీ స్థానంలో ఉన్న మీరే ముద్దాయి అవుతారు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి నెల ఆగండి. తర్వాత వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో హైదరాబాద్ జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు వేయండి. కోర్టులు కాలిఫోర్నియాలో అని ఒప్పందంలో రాసుకున్నా, మీరుండే చోట వేసే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. మీరు కట్టిన మొత్తం రూ. 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. 2023 డార్క్ ప్యాటర్న్స్ (వెబ్‌సైట్లలో కొనుగోలుదారును తప్పుదారి పట్టించే డిజైన్ ఎత్తులు) మార్గదర్శకాల్లోని ‘సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు’ను ఉదహరిస్తూ అనుచిత వాణిజ్య విధానం అనే రాయించండి. ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాస్తే అది జిల్లా కమిషన్ పరిధి కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లమని వెనక్కి పంపుతారు. ఆ తిరుగుడులోనే మీ అయిదు నెలలూ అయిపోతాయి.