వాతావరణ మార్పు గురించి ఆలోచిస్తుంటే నిద్ర పట్టడం లేదు, ఇది జబ్బా?

ఎండలు, కరువు, వరదల వార్తలు చదివాక నిద్ర పట్టట్లేదు, ఇది జబ్బేమో అని అడిగారు. నాకూ రెండేళ్ల కిందట ఇదే పరిస్థితి. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. పక్కన పాప ఆదమరిచి నిద్రపోతుంటే నేను లెక్కలేసుకునేదాన్ని. 2050కి దీనికి 30 ఏళ్లు, 2070కి 50. అప్పటికి నీళ్లుంటాయా? తేల్చుకుందామని ఫోన్ తీస్తే వార్త మీద వార్త, ఈలోగా తెల్లారేది. పగలంతా చిరాకు. ఎవరి గురించి భయపడుతున్నానో ఆ పాప మీదే అరిచేదాన్ని.

ఇంట్లో చెబితే "నువ్వు మేలుకుంటే భూమి చల్లబడుతుందా?" అన్నారు. నవ్వొచ్చింది గానీ నిద్ర రాలేదు.

వాతావరణం గురించిన ఈ భయాన్ని ఎకో యాంగ్జైటీ అంటారు. డాక్టర్లు వాడే మానసిక వ్యాధుల జాబితాల్లో ఇది లేదు. 2021లో 10 దేశాల్లో 16-25 ఏళ్ల వాళ్లని 10,000 మందిని అడిగితే, 59 శాతం మంది చాలా లేదా విపరీతంగా ఆందోళనగా ఉందన్నారు. 45 శాతానికి పైగా తమ రోజువారీ జీవితం దెబ్బతింటోందన్నారు. అది చదివాక కాస్త తేలికపడ్డాను.

ఒక సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలి. ఉక్కగా ఉన్న రాత్రి అది సరిగ్గా తగ్గదు. నేను లేచేది చాలాసార్లు ఉక్కకే. లేచాక ఎందుకు లేచానా అని వెతుక్కుంటే, దొరికేది ఆ భయమే!

కౌన్సెలర్ చెప్పిన చిట్కా: సాయంత్రం ఆరింటికి 20 నిమిషాలు నోట్‌బుక్‌లో టెన్షన్లన్నీ రాసెయ్యడం, రాత్రి గుర్తొస్తే "రేపు ఆరింటికి చూద్దాం" అనుకోవడం. మొదటి వారం అస్సలు పనిచెయ్యలేదు, రాసిందే మళ్లీ మంచం మీద నెమరేశాను. మూడో వారానికి అలవాటైంది. ఎంతకీ నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ పడుకోవాలి. ఫోన్ వంటింట్లో వదిలేశాను.

వార్తలు పూర్తిగా మానెయ్యమంటారు కొందరు. నాకది పడలేదండీ, తెలియకపోతే ఊహలు ఇంకా ఘోరంగా ఉండేవి. ఇప్పుడు పొద్దున ఒక్కసారే చదువుతాను.

వారంలో మూడు రాత్రులైనా ఇలాగే ఉండి మూడు నెలలు దాటితే డాక్టర్ని కలవండి, నిద్ర మాత్రల కంటే ముందు సీబీటీ-ఐ అనే థెరపీ (నిద్రకి అడ్డొచ్చే ఆలోచనల్ని, అలవాట్లని మార్చేది) గురించి అడగండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

నిన్న రాత్రి కూడా మూడింటికి లేచాను. ఉక్క. కిటికీ తీసి పడుకున్నాను.